వేలితో చూసేవాడు

త్యాగరాజు చెప్పు పోగొట్టుకున్న రోజునే ఎవరో ఒకరు ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఎవరూ ఆగలేదు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగి, మెట్ల వంతెన ఎక్కి దిగి, బజారు మీదుగా బియ్యం మిల్లు పక్కనున్న తన షాపు దాకా నడిచొచ్చాడు మనిషి. ఎడమకాలికి చెప్పుంది, కుడికాలికి లేదు. గుమ్మంలో నిలబడ్డ భార్య విశాలి, "ఏటయ్యా ఇది, ఒంటిసెప్పుతో ఒచ్చినావు?" అంది. అప్పుడు చూసుకున్నాడు కిందికి. కుడి మడమలో గాజుపెంకు దిగి ఉంది. వీధిలోంచి గుమ్మం దాకా రక్తం చుక్కలు చుక్కలుగా పడి ఉంది. చెప్పు ఎక్కడ జారిందో అతనికి తెలియదు. పెంకు ఎప్పుడు దిగిందో అసలే తెలియదు.

"మావ తాళం ఏసుకుంటా నడిసుంటాడత్తా. తాళంలో పడ్డాడంటే ఒళ్ళు తెలీదు కదా" అన్నాడు మేనల్లుడు ప్రద్యుమ్న. కూతురు రాగసుధ పడీపడీ నవ్వింది. త్యాగరాజూ నవ్వాడు. విశాలి మాత్రం పెంకు లాగి, గాయానికి పసుపు అద్దుతూ మొగుడి మొహం చూసింది. పెంకు లాగుతున్నప్పుడు కూడా ఆ మనిషి నవ్వుతూనే ఉన్నాడు. అది ఆవిడకి నచ్చలేదు.

త్యాగరాజుది వేళ్ళతో బతికిన ఇల్లు. తాతా తండ్రీ కోటబొమ్మాళి దగ్గర ఒక గుళ్ళో డోలు వాయించారు. స్వామి పల్లకి లేస్తే డోలు లేవాలి, స్వామి పవళిస్తే డోలు ఆగాలి. ఆ కొలువు కడుపు నింపక, త్యాగరాజు పద్దెనిమిదో ఏట శ్రీకాకుళంలో పెళ్ళికార్డులు అచ్చేసే చోట పనికి కుదిరాడు. పొద్దున్నా సాయంత్రమూ అక్కడి ఒక గుళ్ళో డోలు, మధ్యలో స్క్రీన్ ప్రింటింగు. చెక్క ఫ్రేముకి సన్నని జాలీగుడ్డ బిగించి, బొమ్మ ఉన్నచోట మాత్రమే రంగు దిగేలా చేసి, రబ్బరు పలకతో రంగుని ఒక్క ఊపున లాగడం ఆ పని. చెయ్యి తడబడితే బొమ్మ చెడుతుంది. "ఇదీ తాళమే" అనేవాడు. అనడంలో ఎంత గర్వమో! ఆ ఇంటివాళ్ళందరికీ వేళ్ళంటే అంత పొగరు. పిల్లకి ఆరేళ్ళు నిండకుండానే చేతికి ఫిడేలిచ్చి కూర్చోబెట్టారు. విజయనగరంలో సంగీతం చదివించారు. రాగసుధ వేలు తీగ మీద పెడితే స్వరం సూదిమొన మీద నిలబడేది. అది చూసి మురిసిపోవడమే త్యాగరాజుకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం.

అయిదేళ్ళ కిందట ప్రద్యుమ్న ఉద్యోగం మానేసి గిటారు భుజానేసుకుని వచ్చి, "మావా, గుడి మేళాన్ని స్టేజీ ఎక్కిద్దాం" అన్నాడు. బ్యాండుకి 'ఊరేగింపు' అని పేరు పెట్టారు. పాటా గిటారూ ప్రద్యుమ్న, ఫిడేలు రాగసుధ, డోలు త్యాగరాజు. కీబోర్డు వాయించేదీ, వేను నడిపేదీ కోటబొమ్మాళి రైతుబిడ్డ ధనరాజ్. టెక్కలి, బొబ్బిలి, పార్వతీపురం, ఒడిశా వైపు బరంపురం దాకా తిరిగారు. కాలేజీల్లో, జాతరల్లో కుర్రకారు వెర్రెత్తిపోయింది.

మొదటి ఏడు బ్యాండు పేరుతో టీషర్టులు బయట ఎక్కడో వేయించారు. టెక్కలిలో ఒక కాలేజీ కుర్రాడు వాటిలో ఒకదాన్ని బకెట్లో ముంచి తీసి, "సూడండర్రా, ఒక్క ఉతుక్కే ఊరేగింపు ఎల్లిపోనాది" అని వీడియో పెట్టాడు. ఊరంతా చూసింది. త్యాగరాజుకి తల కొట్టేసినట్టయింది. "నా చేతులు పడిపోనాయా? మన బొమ్మ ఇంకోడెవడో ఎయ్యడమేటి!" అని అరిచాడు.

ఆ మాట అన్నప్పుడు అతని చేతులకి ఏమీ కాలేదు. ఇప్పుడా మాట తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

అలా మొదలైంది షాపు. మిల్లు పక్కన పాత గోడౌను, రెండు పొడవాటి బల్లలు, గోడ నిండా ఫ్రేములు, ఆ గోడ నుంచి ఈ గోడకి తాళ్ళు. చొక్కా ముందు పల్లకీ, పల్లకీ ముందు డోలు. వెనక ఆ ఏడు వాళ్ళు వాయించబోయే ఊళ్ళ పేర్లు. తమ ఊరి పేరు చొక్కా మీద ఎక్కిందంటే ఆ ఊరి కుర్రాళ్ళు కొనకుండా వదలరు. పాట కోసం వచ్చినవాడు చొక్కా కొనేవాడు, చొక్కా చూసినవాడు పాట కోసం వచ్చేవాడు. వేను కొన్నదీ ఆ చొక్కాలే, డీజిలు పోసిందీ ఆ చొక్కాలే. షాపు ఆగిందంటే బ్యాండు ఇంట్లో కూర్చోవాల్సిందే. ఆ సంగతి నలుగురికీ బాగా తెలుసు.

పనంతా త్యాగరాజు పద్ధతిలోనే జరగాలి. అందులో రెండు పట్టుదలలున్నాయి. మొదటిది వేలు. రంగు ఆరిందో లేదో చూడ్డానికి గడియారం కాదు, గాలి కాదు, వేలు. ఉంగరం వేలి కొసని బొమ్మ మీద ఆనించి కళ్ళు మూసుకునేవాడు. జిగట ఇంత ఉంటే ఇంకా గంట, అంత ఉంటే అరగంట. ఎప్పుడూ తప్పింది లేదు. "వేలితో సూడాలి. కళ్ళకి తడి కనపడదు" అని కూతురికీ అదే నేర్పాడు. రెండోది గ్లౌజులు. పని అయ్యాక ఫ్రేముల్లో అంటుకున్న రంగుని మందులో గుడ్డ ముంచి రెండు పక్కలా తుడిచి కడగాలి. విశాలి బజారు నుంచి రబ్బరు గ్లౌజులు తెచ్చిచ్చింది. "గ్లౌజులేసుకుంటే జాలీ ఏటి సెప్తందో నాకెలగ తెలుస్తాది? చెవుల్లో దూది పెట్టుకుని డోలు వాయిస్తానా?" అని వాటిని మేకుకి తగిలించేశాడు. అవి అక్కడే దుమ్ము పట్టాయి. పాటగాళ్ళ ఇల్లు కాకపోతే ఈ తిక్క ఎవరికుంటుందండీ? ఇంకెవరైనా అయితే చేతులు మండుతున్నాయని నోరు మూసుకుని వేసుకుందురు.

మొదట్లో కడగడానికి కిరసనాయిలే వాడేవాళ్ళు. రేషను కిరసనాయిలు రావడం మానేశాక, విశాఖపట్నం నుంచి ఎవరో డబ్బాల్లో పోసి అమ్మే సొల్యూషన్ తెప్పించారు. డబ్బా మీద పేరు లేదు, కాగితం లేదు. నీళ్ళంత తేటగా ఉండేది. కిరసనాయిలులా కంపు కొట్టేది కాదు. రంగుని ఇట్టే కరిగించి, చేతి మీద చల్లగా తాకి, చూస్తూండగానే ఆరిపోయేది. "ఎంత మంచి సరుకురా!" అని త్యాగరాజు మెచ్చుకున్నాడు. పక్కన మిల్లులో కోతల కాలమంతా ఊకదుమ్ము లేచేది. పచ్చి బొమ్మ మీద ఊక పడితే చొక్కా పనికిరాదు. అందుకని కిటికీలన్నీ బిగించి, సందుల్లో గోనెపట్టా కుక్కి పని చేసేవాళ్ళు. కోతల కాలమే ప్రోగ్రాముల కాలం. రోజుకి పది గంటలు ఆ గదిలో, ఆ గాలిలో.

మరి చెప్పు జారింది గత ఏడు వానాకాలం చివర్లో. దసరా నాటికి చొక్కా గుండీలు విశాలి పెట్టాల్సి వచ్చింది. "అల్లరి" అని సిగ్గుపడింది గాని, మొగుడు తన గుండీ తను పట్టుకోలేకపోతున్నాడని ఆవిడకి తోచలేదు. పొగలు కక్కే టీగ్లాసు చేత్తో పట్టుకుని తీరిగ్గా తాగేవాడు. ధనరాజ్, "మీ సెయ్యి ఇనపసెయ్యి మావా" అనేవాడు. రబ్బరు పలక జారుతోందని పిడికి గుడ్డ చుట్టుకున్నాడు. ఫ్రేము కడుగుతుంటే గుడ్డ పిండలేక చేతిలోంచి జారిపోయేది. ఒకనాడు కూతుర్ని పిలిచి, "రాగా, నాకు మెడ పట్టేసినాది. ఇక నుంచి కడుగుడు నువ్వు సూసుకో తల్లీ" అన్నాడు.

రాగసుధ చొక్కా చేతులు పైకి మడిచి కడగడానికి దిగింది. గ్లౌజులు మేకుకే ఉన్నాయి.

ఇంత జరుగుతున్నా డోలు మాత్రం అతన్ని పట్టివ్వలేదు. డోలు వాయించేవాళ్ళు కుడిచేతి వేళ్ళకి తొడుగులు పెట్టుకుంటారు. గుడ్డపేలికలు మైదా గంజిలో ముంచి, వేలికొలతకి చుట్టి, రాయిలా ఎండబెట్టినవి. ఎడమచేత కర్ర. దెబ్బ పుట్టేది భుజంలో, మణికట్టులో. వేలికొస చచ్చినా తొడుగు పలుకుతుంది. స్టేజీ మీద అతని డోలు ఎప్పటిలాగే ఉరిమేది, జనం ఈలలేసేవారు. కిందికి దిగి తొడుగులు లాగేసుకున్నాక ఆ వేళ్ళ కొసలు వేరే ఎవరివోలా ఉండేవి. చిటికెలు వేసేవాడు, పళ్ళ మధ్య పెట్టి కొరికేవాడు. రక్తం వచ్చేది కాని నొప్పి వచ్చేది కాదు.

పుష్యమాసంలో ఎవరికీ చెప్పకుండా శ్రీకాకుళం వెళ్ళి నరాల డాక్టరుకి చూపించుకున్నాడు. ఆ డాక్టరు కళ్ళు మూసుకోమన్నాడు. "నేను ముట్టుకోగానే చెప్పండి" అన్నాడు. త్యాగరాజు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఏమీ లేదు. "ఎప్పుడు ముట్టుకుంటారు బాబూ?" అనడిగాడు. కళ్ళు తెరిచి చూస్తే గుండుసూది అతని ఉంగరం వేలిమీదే ఉంది. సూది దిగిన చోట చిన్న రక్తపుబొట్టు.

"ఏం పని చేస్తారు?" అని డాక్టరు అడిగాడు. త్యాగరాజు చెప్పాడు. సొల్యూషన్ గురించి చెప్పాడు, కిటికీల గురించి చెప్పాడు. డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. "ఆ మందు నరాలని కొసల నుంచి తినుకుంటూ వస్తుంది. ముందు కాళ్ళు, తర్వాత వేళ్ళు. ఈ రోజే మానెయ్యండి, రేపు కాదు. మానేసినా వెంటనే తగ్గదు. రెండు మూడు నెలలు ఇంకా ముదురుతుంది. ఆ తర్వాత మెల్లగా తిరిగి రావచ్చు. అందరికీ పూర్తిగా రాదు." తర్వాత తలెత్తి ఇంకో మాట అడిగాడు. "ఆ గదిలో మీతోపాటు ఇంకెవరైనా పనిచేస్తారా?"

ఇక్కడే, అయ్యా, ఇక్కడే కడుపు రగిలిపోయేది. రాగసుధ అనే నాలుగక్షరాలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

"నేదండి. నేనొక్కడినే" అన్నాడు త్యాగరాజు.

ఎందుకన్నాడో వినండి. మాఘంలో రామతీర్థంలో కొండకింద పెద్ద ప్రోగ్రాము ఉంది. దానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి వింటానన్నాడు. నచ్చితే ఇరవై ఊళ్ళ టూరు, మదరాసు దాకా. రాగసుధ ఫిడేలు మదరాసులో వినపడాలన్నది తండ్రికి పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న కోరిక. ఇప్పుడు షాపు మూస్తే రామతీర్థం లేదు, మదరాసు లేదు. నిజం చెబితే ప్రద్యుమ్న ఆ గంటే తాళం వేస్తాడు, వాడు అలాంటివాడు. రామతీర్థం అవ్వనీ, ఆ రోజే చెప్పేద్దాం, నాలుగు వారాలే కదా అనుకున్నాడు. పిల్ల వయసులో ఉంది, దానికేమవుతుంది అనుకున్నాడు. రైల్లో ఆమదాలవలస వచ్చేలోగా అదే మాట పదిసార్లు అనుకుని ధైర్యం తెచ్చుకున్నాడు.

షాపుకి రాగానే మేకు మీది గ్లౌజులు తీసి, దుమ్ము దులిపి, "ఇంద, ఇవేసుకుని కడుగు" అన్నాడు.

రాగసుధ విస్తుపోయింది. "ఏటి నాన్నా, గ్లౌజులా! చెవుల్లో దూది పెట్టుకోమంటన్నావా?"

"పిల్లలు పెద్దోళ్ళ మాటినాల."

"పెద్దోళ్ళ మాటిన్నాననే కదా ఇన్నాళ్ళూ ఏసుకోనేదు" అని పకపకా నవ్వింది. రెండు రోజులు వేసుకుంది. మూడో రోజు, జాలీలో సన్నగీతలు మూసుకుపోతున్నాయనీ, గ్లౌజులతో తెలియట్లేదనీ తీసి మేకుకి తగిలించింది. త్యాగరాజు చూశాడు. ఎందుకు వేసుకోవాలో చెప్పకుండా వేసుకోమని గట్టిగా అనలేడు. తను నేర్పిన మాటే తన గొంతు నొక్కేసింది. ఆ మధ్యాహ్నం లేచి కిటికీ రెక్క ఒకటి తెరిచాడు. ప్రద్యుమ్న, "మావా, ఊక!" అని కేకేశాడు. త్యాగరాజు మళ్ళీ మూసేశాడు.

అప్పటినుంచి కూతుర్ని దొంగచూపులు చూడ్డం మొదలైంది. అది గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే గుండె గుభేలుమనేది. చలికాలం కదా అనుకునేవాడు. గుమ్మం దగ్గర తూలితే, నిద్రలేక అనుకునేవాడు. ఒక సాయంత్రం ఫిడేలు గూట్లోంచి తీసి తుడుస్తుంటే, తీగల కింద నల్లపలక మీద సన్నని తెల్లటి కాగితం ముక్కలు అంటించి కనిపించాయి. స్వరం ఎక్కడుందో గుర్తు తెలియడానికి కొత్తగా నేర్చుకునే చిన్నపిల్లలకి అంటిస్తారు అలాంటివి. పదిహేడేళ్ళుగా వాయిస్తున్న మనిషికి వాటితో పనేమిటి?

"ఇవేటే?" అన్నాడు.

రాగసుధ వెంటనే ఫిడేలు లాక్కుంది. "పిల్లలకి పాఠం సెప్తన్నాను కదా నాన్నా. ఆళ్ళకోసం అంటించినాను."

నమ్మేశాడు. నమ్మాలనుకున్నాడు కాబట్టి నమ్మేశాడు. ఆ రోజు విశాలి వండిన వంకాయకూర బాగుందని రెండుసార్లు అన్నాడట. భోజనం దగ్గర అంత మాట్లాడే మనిషి కాదు.

రామతీర్థానికి మూడువందల యాభై చొక్కాలు వేశారు. వెనక ఇరవై ఊళ్ళకి చోటు వదిలి, మొదటి పేరుగా రామతీర్థం. ఆ వారమంతా మంచు విడవలేదు. గోడౌనులో తాళ్ళ మీద చొక్కాలు వరసలు వరసలుగా వేలాడుతూ, నల్లరంగు మెరుస్తూ, ఆరీ ఆరనట్టు ఉన్నాయి. ప్రోగ్రాము ముందురోజు మధ్యాహ్నం ధనరాజ్ వేను గుమ్మానికి ఆనించి, "ఎత్తేద్దామా మావా? బేగి సెప్పండి" అని హారను కొట్టాడు.

త్యాగరాజు మొదటి చొక్కా దగ్గరికెళ్ళి ఉంగరం వేలు పల్లకీ మీద ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. జిగట లేదు. తడి లేదు. పొడి కూడా లేదు. గుడ్డ ఉందో లేదో కూడా లేదు. ముప్ఫై ఏళ్ళు తనకి అన్నీ చెప్పిన వేలు ఆ రోజు ఏమీ చెప్పలేదు. వేలు తీసి చూసుకున్నాడు గాని, పొద్దుటినుంచీ రంగులో నానిన చేతులు, వేళ్ళన్నీ నలుపే. కొత్తగా అంటిందో పాతదో ఎలా తెలుస్తుంది?

"రాగా, నువ్వోపాలి సూడు తల్లీ" అన్నాడు.

రాగసుధ వచ్చింది. తండ్రి నేర్పినట్టే ఉంగరం వేలు ఆనించింది, తండ్రి లాగే కళ్ళు మూసుకుంది. కాసేపు అలాగే ఉంది. మామూలుకంటే కొంచెం ఎక్కువసేపే ఉంది.

"ఆరిపోనాది నాన్నా" అంది.

మడతలు పెట్టారు, కట్టలు కట్టారు, పైన డోలు పెట్టీ స్పీకర్లూ ఎత్తి వేనులో పెట్టారు.

మర్నాడు రామతీర్థంలో పొద్దు వాలకుండానే జనం మొదలయ్యారు. కొండకింద స్టేజీ, ఎదురుగా కుర్చీలు, ముందువరసలో హైదరాబాదు ఆయన తెల్లచొక్కాలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. త్యాగరాజు స్టేజీ పక్కన నిలబడి కుడిచేతికి తొడుగులు ఎక్కించుకుంటున్నాడు. బల్ల దగ్గర ధనరాజ్ మొదటి కట్ట విప్పాడు. పై చొక్కా పట్టుకుని లాగితే కట్ట మొత్తం లేచింది. పెనానికి అంటుకున్న అట్టులా చొక్కాకి చొక్కా అంటుకుపోయింది. గట్టిగా పీకేసరికి చర్రుమంది. పల్లకీ సగం ఊడి పక్క చొక్కా వీపుకెక్కింది. రెండో కట్ట అంతే. మూడోది అంతే.

"ఓలమ్మో! మొత్తం ఎల్లిపోనాయి!" అన్నాడు ధనరాజ్. "పచ్చివే కట్టేసినాం. ఆరిందో నేదో సూసినోళ్ళెవలు?"

ప్రద్యుమ్న పరిగెత్తుకొచ్చాడు. "నువ్వే కదా మావా సూసినావు? నీ వేలెప్పుడూ తప్పదు కదా!"

"నా వేలు కాదురా. సూసింది రాగసుధ" అన్నాడు త్యాగరాజు.

అనేశాడు. అన్నాక ఆ మాట తన చెవిన పడింది. కాళ్ళకింద నేల ఉందో లేదో అతనికి నెలల కిందటినుంచే తెలియదు గాని, ఆ క్షణాన నిజంగానే కూలబడబోయి బల్ల పట్టుకున్నాడు.

స్టేజీ వెనక టార్పాలిను కట్టిన చోట రాగసుధ ఒక్కతే కూర్చుని ఫిడేలు శ్రుతి చేసుకుంటోంది. తెల్లకాగితం ముక్కలు ఇంకా ఉన్నాయి. త్యాగరాజు ఎదురుగా కూలబడి, ఫిడేలు పక్కన పెట్టించి, ఆమె ఎడమచెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

"కళ్ళు మూసుకో. నేను ముట్టుకోగానే సెప్పు."

"ఇప్పుడేటి నాన్నా ఆటలు? పిలిసెస్తారు."

"మూసుకోమన్నాను కదా."

మూసుకుంది. త్యాగరాజు ఎడమచేతి బొటనగోరుని ఆమె ఉంగరం వేలికొసలో గుచ్చాడు. చర్మం తెల్లబడేదాకా నొక్కాడు. ఇంకా నొక్కాడు. గోరు కింద ఎర్రటి గాటు పడింది. పిల్ల మొహంలో చలనం లేదు.

"ముట్టుకో మరి" అంది రాగసుధ, కళ్ళు మూసుకునే.

త్యాగరాజు గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. అది విని రాగసుధ కళ్ళు తెరిచింది. తన వేలూ, దాని మీద తండ్రి గోరూ చూసింది. ఆశ్చర్యపోలేదు. అదే అన్నిటికంటే ఘోరం, ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాలుగు వారాలైనాది నాన్నా" అంది మెల్లగా. "ముందు తిమ్మిరనుకున్నాను. తర్వాత తీగ తెలవడం మానేసినాది. కాయితం ముక్కలు అంటించుకుని సూసి వాయిస్తన్నాను. సెప్తే నువ్వు షాపు మూసెస్తావు. మదరాసు నీకెంత ఇష్టమో నాకు తెల్దా? ఈ రోజు అయిపోయాక సెప్దామనుకున్నాను." కొంచెం ఆగింది. "నిన్న చొక్కా మీద వేలెట్టినప్పుడు ఏటీ తెలవనేదు. నువ్వు సూసినాక పిలిసినావు కదా, నీ వేలు తప్పదు కదా, ఆరే ఉంటాదని అనేసినాను."

త్యాగరాజు తల దించుకున్నాడు. కళ్ళనీళ్ళు తొడుగుల మీద పడుతున్నాయి. మైదా గంజి నాని మెత్తబడుతోంది.

రాగసుధ అతన్నే చూస్తోంది. ఏదో తట్టినట్టు ముందుకి వంగింది.

"కళ్ళు మూసుకోమని సూడ్డం... ఇది నీకెవరు నేర్పినారు నాన్నా?"

"సికాకుళంలో డాక్టరు."

"నీకు కూడానా?"

తలూపాడు.

"ఎప్పుడు?"

"నాలుగు వారాలైనాది."

ఆమె లెక్క చూసుకుంది. గ్లౌజులు తీసిచ్చిన రోజు గుర్తొచ్చినట్టుంది, మొహంలో రంగు పోయింది. టార్పాలిను అవతల మైకులో ఎవరో 'హలో హలో, మైక్ టెస్టింగ్' అంటున్నారు. జనం ఈలలు మొదలయ్యాయి.

"ఆ డాక్టరు... అక్కడ ఇంకెవరు పనిసేస్తారని అడగనేదా?"

అబద్ధం చెప్పడానికి అప్పటికీ చోటుంది.

"అడిగినాడు" అన్నాడు.

"ఏటన్నావు?"

"నేనొక్కడినే అన్నాను."

రాగసుధ అరవలేదు. ఏడవలేదు. అరిచి ఉంటే, నాలుగు తిట్టి ఉంటే, త్యాగరాజు కాళ్ళ మీద పడేవాడు. చెయ్యి అతని ఒళ్ళోంచి మెల్లగా తీసేసుకుంది. తండ్రి తొడుగుల వైపు చూసింది, తొడుగుల్లేని తన వేళ్ళ వైపు చూసుకుంది. ఫిడేలు ఎత్తి పెట్టెలో పడుకోబెట్టింది, కమాను పక్కన పెట్టింది, మూత వేసింది. పెట్టెకి చిన్న ఇత్తడి కొక్కెం. దాన్ని పట్టుకోబోతే వేళ్ళలోంచి జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. త్యాగరాజు చప్పున ముందుకొచ్చి తన చెయ్యి పెట్టాడు. తొడుగులు ఇత్తడి మీద టకటకమన్నాయి గాని కొక్కెం దొరకలేదు. ఎడమచేత్తో ప్రయత్నించాడు. దొరకలేదు. ఇద్దరి చేతులూ ఆ పెట్టె మీద తడుముకుంటున్నాయి. అవతల ప్రద్యుమ్న గొంతు, "వస్తన్నారు, వస్తన్నారు, రెండు నిమిషాలు" అని జనానికి చెబుతోంది.

రాగసుధ తండ్రి చెయ్యి పక్కకి తప్పించింది.

"బావా" అని పిలిచింది టార్పాలిను వైపు తిరిగి. "ఓపాలి ఇలాగొచ్చి ఈ పెట్టి మూసెయ్. మా ఇద్దరికీ రావట్లేదు."